రాతిలో ఆగిన అడుగు

(డాక్టర్ నటరాజ రామకృష్ణ స్మారకోపన్యాస పాఠం)



స్మారకోపన్యాసం చేసే వక్తకు ఒక సులువైన దారి ఎప్పుడూ ఉంటుంది. ఎవరి పేరున సభ జరుగుతోందో వారి బిరుదులు, సన్మానాలు, గ్రంథాల పట్టిక చదివి, దండం పెట్టి దిగిపోవచ్చు. రామకృష్ణ గారి విషయంలో ఆ పట్టిక చాలా పొడుగు. 1923లో బాలి ద్వీపంలో పుట్టారు. నృత్యమే వృత్తిగా, వ్రతంగా బతికారు. హైదరాబాదులో నృత్యనికేతన్ నడిపారు. నలభైకి పైగా పుస్తకాలు రాశారు. 1992లో పద్మశ్రీ అందుకున్నారు. 2011లో హైదరాబాదులోనే కన్నుమూశారు. వివరాలకు ఇంతటితో సెలవిచ్చి, ఆయన చేసిన ఒక్క పని గురించి మాత్రం మాట్లాడతాను. గుడి మీద వందల ఏళ్లుగా కదలకుండా నిలిచిన బొమ్మల్లోంచి రంగస్థలం మీద కదిలే నృత్యాన్ని ఆయన ఎలా రాబట్టారు?

ఇది నాట్యం నేర్చినవాళ్లకే పరిమితమైన ప్రశ్న అనుకోవద్దు. ఒక కళాఖండం ముందు నిలబడి చలించిన మనిషి ఆ తరువాత ఏం చేస్తాడన్నది ఇందులో ఉంది. మనలో చాలామందికి ఆ చలనం పొగడ్తతో తీరిపోతుంది. ‘అద్భుతం’ అంటాం, ‘మన పూర్వీకుల గొప్పతనం’ అంటాం, ఫోటో తీసుకుని బస్సెక్కుతాం. పొగడ్త తొందరపడితే చూపు ఆగిపోతుందని నా నమ్మకం. చూపు నిలిస్తే ప్రశ్న పుడుతుంది, ఆ ప్రశ్న మనచేత పని చేయిస్తుంది. ప్రేరణ అనే పెద్దమాటకు నాకు తెలిసిన అర్థం అంతే. ఆ దారిని రామకృష్ణ గారి వెంట నడిచి చూద్దాం.

పాలంపేటలో మనం చూసేది

ములుగు జిల్లా పాలంపేటలోని రుద్రేశ్వరాలయాన్ని కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. శాసనం 1213 నాటిది. జనం మాత్రం దాన్ని శిల్పి పేరుగా చెప్పుకునే పేరుతో రామప్ప గుడి అంటారు. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక అక్కడ రద్దీ పెరిగింది. వచ్చినవారికి గైడ్లు నీళ్ల మీద తేలే ఇటుకల గురించి, పునాదిలోని ఇసుక గురించి చెబుతారు. పొన్నచెట్టు ఎక్కిన కృష్ణుడి శిల్పాన్ని మీటి స్వరాలు వినిపిస్తారు. స్తంభాల నగిషీలో సూది దూరేంత సన్నని సందులు చూపిస్తారు. 

ఇవన్నీ నిజమైన నేర్పులే, వినవలసినవే. అయితే ఇవి ‘ఎలా చేశారబ్బా!’ అనిపిస్తాయి. ‘ఈ బొమ్మ ఏం చేస్తోంది?’ అని అడిగించవు. ఆశ్చర్యం దగ్గర ఆగినవాడికి ఇటుక, శిల్పం రెండూ ఒకటే వింత.

గుడి ఎక్కువ భాగం ఎర్రటి ఇసుకరాయి. చూరు కింద, స్తంభాల పైనుంచి ఏటవాలుగా బయటికి వంగి నిలిచిన మదనికలనే స్త్రీ శిల్పాలు మాత్రం నల్లటి డోలరైట్ రాయి. మెడ ఎత్తి చూడాలి గనుక చాలామంది ఒక చూపు చూసి వదిలేస్తారు. అక్కడే ఆగండి. ముఖం నుంచి మొదలుపెట్టకండి, అందం మీద తీర్పు చెప్పకండి. పాదాల నుంచి పైకి రండి. బరువు ఏ కాలి మీద ఉంది? రెండో కాలు నేలను ఆనిందా, లేవబోతోందా? నడుము ఎటు జారింది, దానికి ఎదురుగా భుజం ఎటు వాలింది? మెడలో హారం నిటారుగా ఉందా, ఒక పక్కకు ఊగిందా? హారం ఊగితే ఆ మనిషి కదులుతోందన్నమాట. కదులుతుంటే ఈ క్షణానికి ముందు ఆమె ఎక్కడ ఉంది? తరువాత ఎక్కడికి పోతుంది?

లోపలికి వెళితే రంగమండపం ఉంది. దాని చుట్టూ ఉన్న స్తంభాల మీద, దూలాల మీద నర్తకులు, నర్తకీమణులు, మద్దెల వాయించేవాళ్లు వరుసలుగా కనిపిస్తారు. ఒంటరి భంగిమలు తక్కువ, గుంపులు ఎక్కువ. ఒకరి చేయి ఎత్తుకు మరొకరి మోకాలి మడతకు సంబంధం ఉంటుంది. వాయిద్యకారుడి చేయి ఎక్కడుందో చూస్తే దెబ్బ పడబోతోందో, పడి లేచిందో ఊహించవచ్చు. రామకృష్ణ గారు ఇక్కడికి నర్తకుడి ఒంటితో వచ్చారు. మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర భరతనాట్యం, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి దగ్గర కూచిపూడి, నాయుడుపేట రాజమ్మ దగ్గర దేవాలయ నృత్యం నేర్చిన ఒళ్లు అది. మనకు అలంకారంగా కనిపించేది ఆయనకు అడుగుగా కనిపించింది.

రాయి చెప్పనిది

శిల్పం ఒక్క క్షణాన్నే పట్టి ఉంచగలదు. నాట్యం క్షణాల మధ్య నడుస్తుంది. ఈ ఇబ్బంది శిల్పులకూ తెలుసు. అమరావతి స్తూపం నుంచి మద్రాసు మ్యూజియానికి చేరిన గుండ్రని పలకల్లో నలగిరి అనే మదపుటేనుగు కథ చెక్కిన పలక ఒకటి ఉంది. ఒకే వలయంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు వీధిలో పడి మనుషులను తొక్కుతూ తొండంతో విసురుతుంటుంది. మరోవైపు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లుతుంది. పైన మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు, భయపడ్డ స్త్రీ పక్కవాళ్లను ఆనుకుంటుంది. ఆ రెండు ఏనుగుల మధ్య జరిగినదాన్ని శిల్పి చెక్కలేదు. మన కన్ను ఒకవైపు నుంచి మరోవైపుకు నడిచేలోగా అది మనలోనే జరిగిపోతుంది. చూసేవాడికి కూడా పని అప్పగించిన శిల్పం అది.

రామప్పలో చూసేవాడి పని ఇంకా కష్టం. అక్కడ రెండో ఏనుగు లేదు. భంగిమ ఉంది గానీ దానికి ముందువెనకలు లేవు. లయ ఎంత వేగమో తెలియదు. ఊపిరి ఎక్కడ పీల్చాలో, ఎక్కడ వదలాలో రాయి చెప్పదు. బొమ్మలన్నీ కాగితం మీద గీసి వరుసగా వేసుకుని ఒకదాని తరువాత ఒకటి పట్టినంత మాత్రాన అది నృత్యం కాదు, భంగిమల ప్రదర్శన. అందుకే ఆయన రాతి దగ్గర ఆగలేదు. పుస్తకం దగ్గరికి వెళ్లారు.

గణపతిదేవుని గజసేనాని జాయప 1253–54 ప్రాంతంలో సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాల గ్రంథం. మొదటి నాలుగు భరతుడి దారిలో నడిచే మార్గ పద్ధతికి, మిగతా నాలుగు ప్రాంతీయమైన దేశి నృత్తాలకు కేటాయించాడు. పండితుడు దేశిని పక్కనపెట్టకుండా సగం పుస్తకం ఇవ్వడమే పెద్ద సంగతి. వి. రాఘవన్ పరిష్కరణతో ఈ గ్రంథం 1965లో మద్రాసులో అచ్చయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దాన్ని తెలుగు చేశారు. రామకృష్ణ గారు రాతిలోంచి రాబట్టిన పేరిణి నృత్యం ఆ దేశి నృత్తాలలోనే వస్తుంది.

గుడికి, గ్రంథానికి మధ్య నలభై ఏళ్ల దూరం ఉంది. శిల్పులు జాయపను చదివి చెక్కలేదు. జాయప శిల్పాలను చూసి మాత్రమే రాశాడనీ అనలేం. ఇద్దరూ ఒకే కాలంలో, ఒకే రాజ్యంలో ఆడుతున్న జనాన్ని చూశారు. ఒకరు రాతిలో పెట్టారు, ఒకరు శ్లోకంలో పెట్టారు. ఆడినవాళ్లు పోయారు, రెండు సాక్ష్యాలు మిగిలాయి. రామకృష్ణ గారు ఆ రెంటినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించారు.

మిగిలిన ఊపిరి

శ్లోకానికీ శబ్దం ఉండదు. ‘ఇలా అడుగు వేయాలి’ అని రాసినదాన్ని పది మంది పది రకాలుగా వేస్తారు. అడుగుకు ప్రాణం పోయాలంటే తరతరాలుగా ఆడుతూ వచ్చిన ఒళ్లు కావాలి. అవి ఆలయాల్లో, ఆస్థానాల్లో ఆడుతూ వచ్చిన కళావంతుల ఇళ్లలో ఉన్నాయి.

ఈ ముక్క జాగ్రత్తగా చెప్పాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర కందుకూరి వీరేశలింగం వంటి సంస్కర్తలు భోగం మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమించారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. పసిపిల్లలను దేవుడి పేరుతో అంకితం చేయడం ఆగి తీరవలసిన పనే. కానీ ఆ ఆచారంతో పాటు ఆ స్త్రీల పాట, అభినయం, తాళజ్ఞానం కూడా సిగ్గుపడవలసిన విషయాలైపోయాయి. వాళ్ల ఆస్తి అయిన కళకు వాళ్లే దూరంగా దాక్కోవలసి వచ్చింది. ఆ విద్యే మరోచోట మరోపేరుతో గౌరవం పొంది మద్రాసు సభల్లో చప్పట్లు అందుకుంటుంటే, గోదావరి జిల్లాల పల్లెల్లో ఆ విద్య తెలిసిన వృద్ధురాళ్లు గజ్జెలను పెట్టెలో దాచుకుని కూర్చున్నారు. 

రామకృష్ణ గారు ఆ ఇళ్ల గడప తొక్కారు. పిఠాపురం పెండేల సత్యభామ దగ్గర నవజనార్దన పారిజాతం అనే నృత్యనాటకం తెలుసుకున్నారు. 1970లో రాజమహేంద్రవరంలో కళావంతులను ఒకచోటికి పిలిచి, వారి చేత ఆడించి, వారి నోట విని, చూసిన లాస్య సంప్రదాయానికి ఆంధ్రనాట్యమని పేరు పెట్టి నిలబెట్టారు. ఆలయంలో ఆరాధనగా ఆడేది, ఆస్థానంలో కేళికగా ఆడేది, ఊరి జనం ముందు కథగా ఆడేది అన్న మూడు పాయలు అందులో ఉన్నాయి. బల్లిపాడు సరిదె మాణిక్యాంబ అధ్యాత్మ రామాయణ కీర్తనలకు పట్టిన అభినయం ఎలాంటిదో చూసినవారు ఇప్పటికీ చెబుతారు. కూర్చున్నచోటు నుంచి లేవకుండా ఒక్క పాదానికి అర్థం మీద అర్థం విప్పే విద్య అది.

కళను ఆస్వాదించడం గురించి మాట్లాడేవారు సాధారణంగా కన్ను గురించి, చెవి గురించి మాట్లాడతారు. మర్యాద గురించి మాట్లాడరు. కళను మోసిన మనిషిని గుమ్మం బయట నిలబెట్టి, కళను మాత్రం హాల్లోకి రమ్మంటే అది రసికత కాదు. రామకృష్ణ గారు చేసినవాటిలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఆయన తయారుచేసిన నృత్యం కాదు. ఆ స్త్రీల ముందు విద్యార్థిగా కూర్చోవడం.

పునఃసృష్టి అని ఒప్పుకోవాలి

ఇలా రాయి ఆకారాన్నిచ్చింది, గ్రంథం వ్యాకరణాన్నిచ్చింది, నేర్చిన ఒళ్లు ఊపిరినిచ్చాయి. వాటి కలయికలో పేరిణి శివతాండవం మళ్లీ రంగస్థలం మీదికి వచ్చింది. 1985 మహాశివరాత్రికి రామప్ప గుడి దగ్గరే ప్రదర్శన జరిగింది. బొమ్మలున్న చోటికే నృత్యం వెళ్లింది.

అయితే ఆయన మీద గౌరవంతోనే ఒక మాట అనాలి. మనం ‘ఏడొందల ఏళ్ల కిందటి నృత్యం యథాతథంగా’ అని వేదికల మీద ప్రకటిస్తున్నాం. అది సరికాదు. జాయపకు దాదాపు సమకాలికుడైన శార్ఙ్గదేవుడు, దేవగిరి యాదవుల ఆస్థానంలో రాసిన సంగీతరత్నాకరంలో పేరిణికి ఐదు అంగాలు చెప్పాడు. కాలి గజ్జెలను రకరకాలుగా పలికించే ఘర్ఘరం, ఎగిరి దూకే విషమం, వికృత వేషాలను అనుకరించి నవ్వించే భావాశ్రయం, నాయకుడిని కీర్తించే కవిచారకం, గీతం. అంటే ఆనాటి పేరిణిలో వీరంతో పాటు హాస్యం ఉంది, గజ్జెను ఒక్కొక్కటిగా అదుపు చేసే సున్నితమైన నేర్పు ఉంది. ఇవాళ మనం చూసే పేరిణిలో వీరావేశమే ముందుకు వచ్చి నిలిచింది. ఇది తప్పని అనను. దొరికిన ఆధారాల్లోంచి ఒక కళాకారుడు ఎంచుకున్నాడు, ఎంచుకున్నదాన్ని పెంచాడు. అందుకే అది పునఃసృష్టి. 

అలా ఒప్పుకుంటే ఆయన గొప్పతనం తగ్గుతుందని భయం ఎందుకు? తవ్వితే యథాతథంగా బయటపడిన వస్తువైతే తవ్వినవాడికి కూలి ఇస్తే సరిపోతుంది. లేనిచోట కట్టినవాడిని గదా కళాకారుడంటాం. పైగా పునఃసృష్టి అని ఒప్పుకుంటేనే తరువాతి తరానికి పని మిగులుతుంది. ఆ హాస్యం ఏమైంది, ఆ ఘర్ఘరం ఎలా ఉండేది అని ఈ సభలో ఉన్న పిల్లల్లో ఒకరు అడగాలి. గురువు చేసినదాన్ని కదపరాదంటే, గురువు రాతిలోంచి విడిపించిన అడుగును మనం మళ్లీ రాతిలో పెట్టినట్టే.

ఎదురుదారి

శిల్పం నుంచి నాట్యానికి వచ్చిన దారి ఇది. నాట్యం నుంచి శిల్పికి వెళ్లే దారి కూడా ఉంది. 1906లో కంబోడియా రాజు సిసోవత్ వెంట ఆస్థాన నర్తకీమణులు ఫ్రాన్సు వెళ్లారు. పారిస్‌లో వారి ప్రదర్శన చూసిన శిల్పి ఆగస్త్ రోదాఁ ఉండబట్టలేక వారి వెనకే మార్సే రేవు దాకా వెళ్లాడు. అప్పటికి ఆయనకు అరవై అయిదేళ్లు, ప్రపంచ ప్రసిద్ధుడు. కొద్దిరోజుల్లో నూట యాభై దాకా బొమ్మలు గీశాడు. వాటిలో నగలు లేవు, ముఖ కవళికలు దాదాపు లేవు. మోచేయి వంపు, వేళ్లు వెనక్కి వాలిన తీరు, కదలిక ఒక్కటే ఉంది. కంచులో జీవితమంతా కదలికను వెతికిన మనిషికి తన ప్రశ్నకు జవాబు పరాయి దేశపు ఆడపిల్లల చేతుల్లో కనిపించింది. అప్పటికే ప్రశ్న ఉన్నవాడు గనుక చూసిన వెంటనే గుర్తుపట్టాడు.

ప్రేరణ గురించి యువ కళాకారులు నన్ను అడిగినప్పుడు ఇదే చెబుతాను. అది దానంతట అది వచ్చి పడదు. మీ పనిలో మీకు తెగని ముడి ఒకటి ఉండాలి. ఆ ముడితో బయటికి వెళ్లి ఇతరుల కళను చూడండి. చిత్రకారులు నాట్యం చూడండి, నాట్యం నేర్చేవాళ్లు లేపాక్షి కప్పు మీది బొమ్మల్లో బట్ట మడతలు చూడండి, సినిమా తీసేవాళ్లు తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం దగ్గరికి జరిగినప్పుడు, దూరం జరిగినప్పుడు నీడ ఏమవుతుందో చూడండి. మీ కళలో ఇప్పటికే విజయం పొందినదాన్ని చూస్తే అనుకరణ వస్తుంది. పక్క కళను చూస్తే దాన్ని మీ భాషలోకి మార్చుకోక తప్పదు, ఆ మార్చుకోవడంలోనే కొత్తది పుడుతుంది.

ప్రేక్షకుడి విద్య

కళాకారులు కానివాళ్లం మనం ఎక్కువమందిమి. మన సంగతేమిటి? ప్రదర్శన కళకు ఒక కష్టం ఉంది. శిల్పం రేపూ ఉంటుంది, నాట్యం ఇప్పుడే ఉంటుంది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ఒక్కసారిగా ప్రత్యక్షం కాదు. ఇద్దరు తెర పట్టుకుంటారు, ఆ తెర మీదుగా ఆమె జడ ముందు కనిపిస్తుంది. విద్యలో నన్ను మించినవారుంటే రండి అన్న సవాలు అది. ఆ కాసేపట్లో ప్రేక్షకుడు సిద్ధం కావాలి. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా వచ్చినప్పుడు, వచ్చినది మగవాడన్న సంగతి జనం మరిచిపోయారంటే సగం ఘనత ఆయన సాధనది, సగం ఆ రాత్రంతా కూర్చున్న జనానిది. కథ తెలుసు, పాత్ర తెలుసు, ఎక్కడ ఏ దరువు వస్తుందో తెలుసు. తెలిసిన కథను ఈసారి ఈయన ఎలా చెబుతాడన్నదే వాళ్ల ఆసక్తి.

ఆ ప్రేక్షకుణ్ణి మనం పోగొట్టుకున్నాం. ఇవాళ పేరిణి కుర్రాళ్లను పిలిచేది ఎక్కువగా అతిథుల స్వాగతానికి. ఒంటికి విభూతి పూసుకుని, ఎండలో గంటల తరబడి నిలబడి, కార్లు వచ్చాక అయిదు నిమిషాలు ఆడి పక్కకు తప్పుకోవాలి. సభ మొదలయ్యే ముందు ఒక కూచిపూడి అంశం, జ్యోతి ప్రజ్వలన అయ్యేదాకా. జనం ఇంకా కుర్చీలు సర్దుకుంటూనే ఉంటారు. కళను అలంకారంగా వాడుకుంటే కన్ను దాన్ని చూడటం మానేస్తుంది. ఎనిమిదేళ్లు సాధన చేసిన పిల్లకు శాలువా, జ్ఞాపిక ఇచ్చి, ప్రయాణ ఖర్చులు మాత్రం ఆమె తండ్రికి వదిలేసే సభలు తెలుగునాట ఎన్నో నాకు తెలుసు, మీకూ తెలుసు.

కాబట్టి నా విన్నపాలు మూడు. మొదటిది బడులకు. పిల్లలను విహారయాత్రకు రామప్పకు తీసుకెళ్లినప్పుడు పది చోట్లు తిప్పకండి. ఒక్క మదనిక కింద కూర్చోబెట్టి, కాగితం, పెన్సిలు ఇచ్చి అరగంట గీయమనండి. బొమ్మ ఎలా వచ్చినా సరే, ఆ అరగంట చూసిన పిల్ల జీవితాంతం మరోలా చూస్తుంది. రెండోది సభలు నిర్వహించేవారికి. నృత్యాన్ని ప్రారంభ వేడుకగా పెట్టకండి, పెడితే కార్యక్రమంగా పెట్టండి. గంట సమయమివ్వండి, ఆడేది ఏమిటో రెండు మాటల్లో తెలుగులో చెప్పండి, శాలువాకు ముందు పారితోషికం ఇవ్వండి. మూడోది మనందరికీ. మీ ఊళ్లో పేరిణో, ఆంధ్రనాట్యమో, యక్షగానమో, తోలుబొమ్మలాటో జరుగుతుంటే వెళ్లండి. టికెట్ ఉంటే కొనండి. ఫోను జేబులో పెట్టి చివరిదాకా కూర్చోండి. నచ్చితే ఎందుకు నచ్చిందో, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో ఆడినవాళ్ల దగ్గరికే వెళ్లి చెప్పండి. నటరాజ రామకృష్ణ గారికి విగ్రహం పెట్టడం కన్నా ఆయన నృత్యాలకు చూసే మనుషులను సంపాదించిపెట్టడం అవసరం. ఆ మనుషుల్లో మొదటివారు ఈ సభలో ఉన్న మీరే కావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.